జాల్నా దగ్గర రెండు దారులు

సూరత్ నుంచి సిరిసిల్ల దాకా ఉన్న తొమ్మిది వందల కిలోమీటర్ల దారి సోమలింగానికి ముక్కుతో తెలుసు. ఎగతాళికి అనడం లేదు. బార్డోలి వస్తే చెరకు ఫ్యాక్టరీ నుంచి బెల్లం పాకం వాసన. నవాపూర్ దాటి ఘాట్ ఎక్కుతుంటే లారీల బ్రేకులు కాలిన కమురు. ధూలే బయట ఢాబాలో వెల్లుల్లి తాలింపు. అద్దం కొద్దిగా దించి గాలి పీల్చి, ఊరి పేరు చెప్పి, దిగేవాళ్లు దిగండని బస్సంతా వినబడేలా కేకేసేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్క మలుపు తప్పలేదు. సూరత్ లింబాయత్‌లో మా తెలుగువాళ్లకు ఊరికి పోవడమంటే రైలు కాదు, సోమలింగం బస్సు.

ఆయన పుట్టింది గంభీరావుపేట దిక్కు. పదిహేనో ఏట మేనమామ వెంట వచ్చి సాంచాల మీద నిలబడ్డాడు. కరెంటు మగ్గాలను మేము సాంచాలంటాం. మూడో ఏడు, మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరొచ్చి ఎడమచేతి చూపుడువేలు సగం తీసుకుపోయింది. సేఠ్ కట్టు కట్టించి, మానేదాకా ఊళ్లో ఉండి రమ్మన్నాడు. ఊరికి పోవడానికి ఎక్కిన బస్సులోనే క్లీనరుగా కుదిరాడు, మళ్లీ సాంచాల మొహం చూడలేదు. క్లీనరు డ్రైవరయ్యాడు. లైసెన్సు ఆ కాలంలో దళారులే చేయించి చేతిలో పెట్టేవాళ్లు.

బస్సులో మనుషుల కంటే మూటలెక్కువ. అటు నుంచి పసుపు, కారం, మామిడికాయ తొక్కు, పెండ్లిపత్రికలు. ఇటు నుంచి చీరలు, గిన్నెలు, మందులు. బతుకమ్మకు రెండు రోజుల ముందు టాపు మీద తడి గోనెసంచుల్లో తంగేడు, గునుగు వేసుకొచ్చేవాడు. ఎండ తగిలితే వాడిపోతాయని దారిలో నాలుగుచోట్ల ఆపి నీళ్లు చల్లేవాడు. టీ కోసం ఆపమంటే ఆపేవాడు కాదు, పూల కోసం ఆపేవాడు. ఆ మాట నేను ఆయన మొహం మీదే అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు బుచ్చవ్వ. మా గల్లీలో నా వయసు ఆడవాళ్లలో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. రెండో తరగతి. ఊరి నుంచి ఉత్తరం వస్తే నేనే చదివి పెట్టాలి, జవాబు నేనే రాయాలి. రాసినందుకు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, కాని రాసేటప్పుడు నాలుగు మాటలు అనకుండా మాత్రం ఉండలేదు. హిందీ కాగితం, గుజరాతీ కాగితం తెచ్చినా తీసుకుని, కళ్లద్దాలు సవరించుకుని, తర్వాత చూస్తానని పక్కన పెట్టేదాన్ని. సాయంత్రం కోడలు భాగ్యలక్ష్మి చదివి చెప్పేది. మరునాడు నేను వాళ్లకు చెప్పేదాన్ని. అందులో తప్పేముందని అప్పుడు అనుకున్నాను.

నా కొడుకు నరహరికి మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు మిషన్ మీద రక్తం కడిగిస్తేనే బతుకు. కరోనా వచ్చి అన్నీ మూతబడ్డ ఆ మే నెలలో, వాడు పోయే ఆసుపత్రిలో ఒక రోగికి జబ్బు బయటపడి డయాలసిస్ గదికి తాళం వేశారు. వేరేచోటికి పోతే పరీక్ష కాగితం తెమ్మన్నారు. పరీక్షకు పోతే నాలుగు రోజులన్నారు. శుక్రవారం ఎక్కిన మిషనే ఆఖరు. సోమవారం దాటింది. మంగళవారానికి కాళ్లు మొద్దుల్లాగా వాచాయి, మొహం ఉబ్బింది, పడుకుంటే ఊపిరి ఆడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కరీంనగర్‌లో మా తమ్ముడు కాళ్లావేళ్లా పడితే ఒక ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారు. గురువారం సాయంత్రం ఆరు దాకా ఒక మిషన్ ఆపి ఉంచుతారు, ఆరు దాటితే ఇంకొకరికి ఇస్తారు. ఇంకొక రోజు ఆగగల మనిషి కాదని పాత డాక్టరు ఫోన్‌లోనే చెప్పాడు.

భాగ్యలక్ష్మి బుధవారం పొద్దున్నే ఫోన్‌లో పాస్ తెప్పించింది. డ్రైవరు, రోగి, తోడు ఒక్కరు. బస్సులు నిలిచిపోయి రెండు నెలలైంది. సోమలింగం ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. పోయి అడిగితే చొక్కా తొడుక్కుంటూనే బయటికొచ్చి, ఎవరిదో ఎకో వ్యాన్ తాళాలు తెచ్చాడు. వెనక సీటు మీద పరుపు వేశాం. అప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, భాగ్యలక్ష్మిని తోలు. ఆమె సదువుకున్న పిల్ల. తొవ్వల అక్కరకొస్తది."

"నా కొడుకు పక్కపొంటి నేను గాక ఎవలు కూసుంటరు? నేనేమన్న ఏలిముద్రదాన్నా?"

ఆయన మొహం చిన్నబోయింది. నా నోటికి జడిసాడనుకున్నాను. ఇంకోసారి, అన్నం మూట వ్యాన్‌లో పెడుతుంటే, ఈసారి భాగ్యలక్ష్మి ముందే అన్నాడు, జర ఆలోచించుండ్రి అని. మనవరాలు రుచితను నేను చూసుకుంటే సరిపోయేది. కోడలు చెప్పులు కూడా తొడుక్కుంది. నేను ముందు సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాను. ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టడం అద్దంలో చూశాను.

మధ్యాహ్నం బయలుదేరాం. రింగ్ రోడ్డు మీద బట్టల మార్కెట్లన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. మూటలు లేవు, టెంపోలు లేవు, తిట్టుకునేవాడు లేడు. నలభై ఏళ్లలో ఆ రోడ్డు ఇటు నుంచి అటు దాకా కనబడటం అదే మొదలు. హైవే ఎక్కాక ఇంకా ఘోరం. అంత పెద్ద రోడ్డు, చూస్తే దానికి ఇరుపక్కలా మనుషులు నడిచిపోతున్నారు. నెత్తిన మూటలు, చంకలో పిల్లలు. కొందరు చెప్పులు తెగి కాళ్లకు గుడ్డలు చుట్టుకున్నారు. సోమలింగం హారన్ కొట్టలేదు. వాళ్లను దాటేటప్పుడల్లా వేగం తగ్గించాడు. నేను ఆరు గంటలు ఆరు గంటలు అని గొణుగుతూనే ఉన్నాను.

బార్డోలిలో అద్దం దించి గాలి పీల్చాడు. ఏ వాసనా లేదు. మళ్లీ ఎక్కించాడు. ఘాట్‌లో లారీల్లేవు. ధూలే ఢాబాకు తడకలు కట్టి ఉన్నాయి, బెంచీలు లోపల పేర్చి ఉన్నాయి. ప్రతిచోటా ఆయన మెడ సాచి చూడటం, మళ్లీ గాలి పీల్చడం గమనించాను. అర్థం కాలేదు. ధూలే దాకా నరహరికి స్పృహ బాగానే ఉంది, బోర్డులు చదివి మామా ఇటు, మామా అటు అంటూ వచ్చాడు. తర్వాత మాట తగ్గింది. నీళ్లడిగాడు. ఒంట్లో నీళ్లు పోయే దారి లేనివాడికి నీళ్లు విషమే. సీసా మూతతో ఒక్క మూత పోశాను. ఇంకో మూత అన్నాడు. ఇవ్వలేదు. మే నెల వేడికి పెదవులు పగిలి ఉన్నాయి. కన్నతల్లిని, మూత కొలతతో నీళ్లు పోసి సీసా ఒళ్లో దాచుకున్నాను.

చెక్‌పోస్టు చెక్‌పోస్టుకూ గంటలు ఆపి కాగితాలు చూశారు, రాత్రంతా నడిపాడు. ఔరంగాబాద్ ఊళ్లోకి రానివ్వక చుట్టూ తిప్పారు. జాల్నాకు తెల్లవారింది. అక్కడా రోడ్డుకు అడ్డం మట్టికుప్ప పోసి, పోలీసులు కట్టెతో పక్కదారి చూపించారు. ఆయనకు అలవాటైన దారి ఊరి లోపలి నుంచి. ఎన్నడూ రాని వైపు నుంచి వచ్చి, దారి రెండుగా చీలేచోట వ్యాన్ ఆపాడు. పెద్ద పచ్చ బోర్డు ఉంది. మనిషి లేడు, కొట్టు లేదు. సూర్యుడు సరిగ్గా రెండు దారుల నడుమ లేచి ఉన్నాడు, ఆ లెక్కనైనా తేల్చుకునే వీల్లేదు.

"అక్కా, నాందేడ్ ఎటు రాసున్నది? నా కండ్లు రాత్రంత మేల్కొని మసక మసకున్నయి."

బోర్డు మీద ఒక వరుస మరాఠీ, ఒక వరుస ఇంగ్లీషు. నాకు రెండూ గోడ మీద పిల్లలు గీసిన గీతలే. రాదని ఒక్క మాట అంటే పోయేది. నరహరిని లేపుదామా అని ఆయనే అడిగాడు. పండుకోనివ్వు అన్నాను. వెనక వాడి ఫోన్ ఉంది, అందులో దారి చూపించేది కూడా ఉంది. అది తెరవడం మా ఇద్దరికీ రాదు. ఎడమ దారి కొంచెం వెడల్పుగా కనిపించింది.

"ఎడమకు," అన్నాను.

ఆయన నా వైపు ఒక క్షణం చూసి, ఎడమకు తిప్పాడు.

అరగంట పోయాక చక్రాల చప్పుడు వింటున్నట్టు తల పక్కకు వంచి, ఈ రోడ్డు మనది కాదనిపిస్తుందక్కా అన్నాడు. రోడ్డుకు పేరు రాసి ఉంటుందా, కరోనాకు అన్నీ మారాయి, నడుపు అన్నాను. ఇంకొంత దూరంలో నడిచిపోయేవాళ్లు పది మంది కనిపించారు. అడుగుదామని వేగం తగ్గించాడు. అద్దం దించకు, రోగం అంటిస్తారని అరిచాను. వాళ్లలో ఒక ఆడమనిషి ఆపుతామనుకుని చేయి చాచింది. దాటి వచ్చేశాం. అప్పటికి నాలోనూ భయం మొదలైంది. కాని ఎడమకు అన్నది నేను, తప్పని తేలితే తప్పు నాది. తేలకుండా ఉంటే బాగుండునని, కొడుకు వెనక ఎగశ్వాస తీస్తుంటే కూడా, ఆ మాటే మొక్కుకున్నాను.

పాల క్యాన్లు కట్టుకుని మోటారుసైకిల్ మీద వచ్చినాయన్ను ఆపి, నా మాట వినకుండా సోమలింగం దిగి పోయి అడిగాడు. ఇది నాగపూర్ దిక్కు పోయే దారి, నాందేడ్ దారి జాల్నాలోనే వదిలేసి డెబ్బై కిలోమీటర్లు వచ్చారని ఆయన చెప్పాడు. సోమలింగం వచ్చి కూర్చుని వ్యాన్ తిప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు. నాకు జవాబులు తయారుగా ఉన్నాయి.

తిరిగి జాల్నా చేరి సరైన దారి పట్టేసరికి నాలుగు గంటలు పోయాయి. ఇక ఆయన నడిపిన తీరు నేనెన్నడూ చూడలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క మెతుకు తినలేదు. నరహరి ఛాతీ రోకలి దంచినట్టు ఎగిరెగిరి పడుతోంది. కళ్లు తెరిచి నన్ను చూసి, నన్ను కాకుండా ఇంకెవరినో అడిగినట్టు నీళ్లమ్మా అన్నాడు. నేను వెనక్కి పోయి వాడి తల రొమ్ముకు ఆనించుకుని కూర్చున్నాను. నోట్లో ఇంకో మూత పోయలేదు. తడిగుడ్డ పెదవుల మీద పెట్టాను, దాన్ని పండ్లతో పట్టి పీల్చాడు.

మంజీరా వంతెన దాటితే మన రాష్ట్రం. అక్కడి చెక్‌పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. టెంటు కింద ఉన్న సారు కాగితాలు చూసి, రోగినీ తల్లినీ అంబులెన్సులో పంపిస్తానన్నాడు, అప్పుడే ఫోన్ కూడా చేశాడు. డ్రైవరు సంగతే వేరైంది. పన్నెండు గంటల దాకా వచ్చిన బండ్లను రోగులను దించి అటునుంచటే తిరిగి పోనిచ్చారట. పన్నెండుకు కొత్త ఆర్డరు వచ్చింది. గుజరాత్ నుంచి వచ్చి వంతెన దాటినవాడు పద్నాలుగు రోజులు, క్వారంటైన్‌గా మార్చిన బడిలో ఉండాల్సిందే. వెనక్కి పోతానన్నా అవతలివాళ్లు రానివ్వరు. తొవ్వ తప్పకపోయి ఉంటే పదకొండుకే వచ్చేవాళ్లం. ఆ లెక్క నాకు వెంటనే తెలిసింది. లెక్కలు వచ్చు నాకు.

అంబులెన్సు వచ్చేదాకా వ్యాన్ నీడలో నిలబడ్డాం. సోమలింగం చేతి మీద ముద్ర వేశారు. సిరా ఆరేదాకా చేయి గాలికి పట్టుకుని ఉన్నాడు. నేనే మొదలుపెట్టాను.

"తమ్మీ, నాకు ఆ అక్షరాలు రావు. తెలుగు ఒక్కటే వస్తది."

"తెలుసక్కా. గా చీలిక కాడ నువ్వు బోర్డు దిక్కు సూడలే, నా మొకం దిక్కు సూసినవ్."

"తెలిస్తే మరి ఎందుకు తిప్పినవ్?"

ముద్ర ఆరిందా అని వేలితో తాకి చూశాడు.

"నాకు తెలుగు గూడ రాదు గదా. నీది తప్పంటే, మరి నువ్వే సదువుమంటవ్. ఇరవై రెండేండ్ల సంది గిట్లనే గడిపిన. ఎవలకు చెప్పకు."

స్టీరింగ్ మీద హిందీ పేపరు పరుచుకుని కూర్చునే మనిషిని ఎన్నోసార్లు చూశాను. బొమ్మలు చూసేవాడన్నమాట. భాగ్యలక్ష్మిని పంపమని రెండుసార్లు అన్నది అందుకు. ఆయన సిగ్గు, నా పొగరు, నడుమ నా కొడుకు ప్రాణం. చెప్పనని మాటిచ్చాను. నరహరిని ఆయనే రెండు చేతుల మీద ఎత్తి అంబులెన్సులో పడుకోబెట్టాడు. నా అన్నం మూట నా ఒళ్లోనే ఉండిపోయింది, ఆయనకిచ్చే తెలివి కూడా లేకపోయింది.

ఐదూ ముప్పావుకు కరీంనగర్ చేరాం. మిషన్ ఇంకా ఖాళీగానే ఉంది. ఇంకో అరగంటయితే లోపలికి తీసుకుపోయి లాభం లేదని నర్సమ్మ అంది. నాలుగు గంటల తర్వాత కొడుకు కళ్లు తెరిచి, సోమలింగం మామ ఏమన్నా తిన్నాడా అని అడిగాడు.

బడిలో ఒక్కో గదికి పన్నెండు మంది. మొదట సోమలింగం రోజూ ఫోన్ చేసేవాడు. పప్పు నీళ్లలాగా ఉందని, దోమలున్నాయని, నరహరి ఎలా ఉన్నాడని. ఎనిమిదో రోజు దగ్గాడు. తొమ్మిదో రోజు, పక్కమంచం మనిషికి జబ్బు తేలిందని, అందరినీ పరీక్షకు తీసుకుపోతున్నారని చెప్పాడు. తర్వాత హైదరాబాద్ తీసుకుపోయారు. ఫోన్ మోగేది, ఎత్తేవాడు కాదు, ఆ తర్వాత మోగడమూ ఆగింది. జూన్ మొదట్లో పోయాడు. దహనం ఎవరు చేశారో, ఎక్కడ చేశారో తెలియదు. భార్య లింగవ్వ సూరత్‌లో గది తలుపు వేసుకుని కూర్చుంది. పోవడానికి బండి లేదు. ఊరికి పోవాలంటే లింబాయత్‌లో అందరినీ తీసుకుపోయేవాడు ఆయనే కదా.

మేము తిరిగి సూరత్ వచ్చేసరికి సంక్రాంతి దాటింది. బస్సులు మళ్లీ నడుస్తున్నాయి. తొవ్వ తప్పిన సంగతి ఎలా పాకిందో, బస్సు ఆఫీసు ముందు టీ తాగే మగవాళ్ల నోట విన్నాను. ముసలితనానికి సోమలింగం తొవ్వ మరిచాడట. తాగి నడిపాడని కూడా ఒకడన్నాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. డెబ్బై కిలోమీటర్లు అడ్డంగా పోయి తన చావు తానే తెచ్చుకున్నాడని కొత్త డ్రైవర్లకు చెప్పి నవ్వుతున్నారు. ఆ ఆఫీసు పక్కనే లింగవ్వ రోజూ పాలకు పోతుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఎంతమందికో నోరు మూయించిన నా నోరు ఆ పూట లేవలేదు. మూడు రోజులు ఆ దారికే పోలేదు. మాటిచ్చాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మాట అడ్డం పెట్టుకుని నా పరువే దాచుకుంటున్నానని నాకు తెలుసు.

నాలుగో రోజు లింగవ్వ ఇంటికి పోయాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. బోర్డు దగ్గర జరిగింది, వంతెన దగ్గర ఆయన అన్నది, అన్నీ చెప్పాను. ఆయనకు చదువు రాని సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాను. ఆమె చేట దించలేదు.

"ముప్పై ఏండ్లు సంసారం జేసిన. నాకెర్క లేదనుకున్నవా?" అంది. "కోడలిని ఎక్కియ్యమని రెండుసార్లు అడిగిండంటివి. ఎందుకు ఎక్కియ్యలే?"

చేటలో బియ్యం ఒక పక్కకు జరిగే చప్పుడు వింటూ కూర్చున్నాను. బతికి ఉన్న నా కొడుకు గురించి ఆమె ఏమైనా అంటే కాళ్లు పట్టుకుందామనుకున్నాను. అనలేదు. నరహరి మిషన్‌కు పోతున్నాడా అని మాత్రం అడిగింది. పోతున్నాడన్నాను.

నేను లేస్తుంటే అంది:

"నీకు తెలుగు రాసుడొస్తదిగా. ఆయనకు సదువు రాదని రాయి, నీకు గా బోర్డు సదువ రాదని గూడ రాయి. మన తెలుగోళ్ల సమాజం ఏటేట ఏసే పుస్తకంల అచ్చేపియ్యి. బస్సు ఆఫీసుల సదివి ఇనిపియ్యి. ఒక్కటి రాసి ఒక్కటి ఇడిసినవనుకో, మళ్ల నా గడప తొక్కకు."